మన వెనక ఏ ఎక్స్‌ప్రెస్సూ రావడం లేదు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో యాత్రల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



వచ్చే సెప్టెంబరులో సంఘం తరఫున ఇటలీ యాత్ర చేయాలని క్రిందటి సమావేశంలో అనుకున్నాం. పదహారు మంది పేర్లిచ్చారు. అందరికంటె చిన్నవారికి అరవై ఒకటి, పెద్దవారికి డెబ్బై నాలుగు. ఇద్దరికి గుండెలో స్టెంట్లున్నాయి. ముగ్గురు సోదరీమణులు ఫ్యామిలీ పెన్షను మీద ఉన్నవారు, ఒంటరిగా వస్తున్నారు. ఒక మిత్రుడికి రెండు మోకాళ్ళూ మార్చారు.

ఆ మిత్రుడు పోయిన నెల కార్యదర్శిగారికి నాలుగు వాక్యాల ఉత్తరం వ్రాశారు. తన పేరు తీసివేయవలసిందనీ, తన నడక వల్ల మిగతా వారి యాత్ర పాడుకాకూడదనీ దాని సారాంశం. ఈ సంగతి ఆయన అనుమతితోనే చెబుతున్నాను. ఉపసంఘం దానికి ఇంతవరకు జవాబు వ్రాయలేదు. ఆ జవాబు ఇవ్వవలసింది ఈ సభ అని మా అభిప్రాయం. ఎందుకంటే మన ముందు రెండు ప్రతిపాదనలున్నాయి. ఒకటి, ఒక కంపెనీవారి పది రోజుల బస్సు యాత్ర. అందులో ఆయనకు చోటు లేదు. రెండవది, ఉపసంఘం తయారుచేసిన పదిహేను రాత్రుల నింపాది యాత్ర. ఇది ఆయన్ని దృష్టిలో పెట్టుకునే వేశాం.

నేను చాలా ఏళ్ళు సెక్షన్ కంట్రోలరుగా పనిచేసినవాణ్ణి. కంట్రోలు చార్టు మీద పెన్సిలుతో బండి గీతలు గీయడం ఎలాగో మీలో చాలామందికి తెలుసు. ఎక్స్‌ప్రెస్ వెనక వస్తోందంటే ముందున్న గూడ్సును లూప్ లైనులో పెడతాం. అందులో తప్పేమీ లేదు, అది ఉద్యోగధర్మం. కానీ, మనం రిటైరై ఏళ్ళయింది. మన వెనక ఏ ఎక్స్‌ప్రెస్సూ రావడం లేదు. అటువంటప్పుడు మన మిత్రుణ్ణి లూప్ లైనులో పెట్టి మనం ఎవరికోసం మెయిన్ లైను ఖాళీ చేస్తున్నట్టు?

ఇంకొక మాట కూడా మన వృత్తిలోంచే చెబుతాను. వర్కింగ్ టైంటేబులు వేసేటప్పుడు బండి నడవడానికి పట్టే సమయంతో పాటు రికవరీ టైమని కొంత కలుపుతాం. చూసేవాళ్ళకు అది వృథాగా కనిపిస్తుంది. అది లేకపోతే ఒకచోట పది నిమిషాల ఆలస్యం చివరి స్టేషను దాకా పెరుగుతూ పోతుందని మనకు తెలుసు. యాత్రకూ అంతే. ఒకరికి జ్వరం వచ్చినా, ఒక బండి తప్పినా సర్దుకునే ఖాళీ ప్రణాళికలో ముందే ఉండాలి.

బస్సు యాత్ర ఎలా ఉంటుందో నేనూ మా ఆవిడా ఒకసారి చూశాం. కంపెనీ పేరు అనవసరం. పది రోజుల్లో ఆరు దేశాలు. ప్రొద్దున్న ఆరింటికి పెట్టె గది గుమ్మం బయట పెట్టాలి. పీసాలో ఒరిగిన గోపురం దగ్గర నలభై నిమిషాలిచ్చారు. బస్సు ఆపినచోటు నుంచి నడిచి వెళ్ళి తిరిగి రావడానికే ముప్పై నిమిషాలు పట్టింది. మాతో వచ్చిన ఒక పెద్దావిడ మూడోరోజు నుంచి బస్సు దిగడం మానేశారు. డబ్బు మాత్రం అందరితో సమానంగా కట్టారు. ఆమె కిటికీలోంచి చూసిన ఐరోపాయే ఆమె చూసిన ఐరోపా.

ఆ తర్వాత రెండేళ్ళకు మా అమ్మాయితో కలిసి ఇటలీ కొండ ఊళ్ళల్లో పది రోజులు ఉండి వచ్చాం. ఆ అనుభవమూ, ఉపసంఘం సేకరించిన వివరాలూ కలిపి ఈ ప్రణాళిక వేశాం.

రోముకూ ఫ్లోరెన్సుకూ మధ్య ఉన్న ప్రాంతాన్ని ఉంబ్రియా, టస్కనీ అంటారు. అక్కడి పాత ఊళ్ళు చాలావరకు కొండల మీదే ఉంటాయి. శత్రువుల భయం ఒక కారణం. పల్లంలో బురదనేలలూ, వాటివల్ల వచ్చే మలేరియా మరొక కారణం. రైలు వచ్చేనాటికి ఊళ్ళు పైన స్థిరపడిపోయాయి. అందుచేత స్టేషను క్రింద, ఊరు పైన. మనలాంటివారికి అసలు ప్రశ్న ఇదే. స్టేషను నుంచి ఊరిలోకి ఎలా వెళ్ళడం? దీనికి ఒక్కొక్క ఊరు ఒక్కొక్క ఏర్పాటు చేసుకుంది. రైలువాళ్ళకు అది చూడడమే ఒక ముచ్చట.

ఈ మార్గంలో రెండు లైన్లున్నాయి. ఒకటి పాతది. రెండవది దిరెత్తిస్సిమా అనే వేగపు లైను. దాని మొదటి భాగం 1977లో తెరిచారు. ఐరోపాలో మొదటి హైస్పీడ్ లైను అదే. 1992లో పూర్తయింది. దానిమీద బండ్లు గంటకు 250 కిలోమీటర్ల వేగంతో పోతాయి. రోము నుంచి ఫ్లోరెన్సుకు గంటన్నర. సొరంగాల్లోంచి దూసుకుపోవడమే గాని ఈ ఊళ్ళు కనబడవు. పాత లైను మీద ప్రాంతీయ బండ్లు ఊరూరా ఆగుతాయి. టిక్కెట్టు కూడా చవక. మన యాత్ర ఆ పాసింజరు బండ్ల మీదే. మన కాంప్లిమెంటరీ పాసు అక్కడ చెల్లదని మనవి.

ఇక ప్రణాళిక. రోములో ఒక రాత్రి, ఓర్వియేతోలో నాలుగు, అస్సీసీలో నాలుగు, పియెంజా దగ్గర ఒక పొలం ఇంటిలో నాలుగు, తిరిగి రోములో రెండు. మొత్తం పదిహేను రాత్రులు. పెట్టె సర్దుకుని మరో ఊరికి మారేది నాలుగుసార్లే.

విమానం దిగిన రోజు ఎక్కడికీ వెళ్ళడం లేదు. విమానాశ్రయం నుంచి రోము టెర్మినీ స్టేషనుకు ఎక్కడా ఆగని బండి ఉంది, 32 నిమిషాలు. స్టేషను దగ్గరే బస. సెప్టెంబరులో అక్కడి గడియారం మనకంటె మూడున్నర గంటలు వెనక. ఆ రాత్రి నిద్రకే.

మరునాడు ఓర్వియేతో. ప్రాంతీయ బండిలో సుమారు గంటన్నర. ఊరు ఒక పెద్ద రాతిదిమ్మె మీద బల్లపరుపుగా ఉంటుంది. స్టేషను ఎదురుగానే తాడుతో లాగే రైలు ఉంది. 1888లో దీన్ని నీటి బరువుతో నడిపారు. పైనున్న పెట్టె తొట్టిలో నీళ్ళు నింపితే ఆ బరువుకు అది దిగుతూ క్రింది పెట్టెను పైకి లాగేది. 1970లో మూసివేశారు. 1990లో కరెంటుతో మళ్ళీ నడపడం మొదలుపెట్టారు. రెండు మూడు నిమిషాల్లో పైకి చేరతాం. అక్కడినుంచి ప్రధాన చర్చి దాకా చిన్న బస్సు. ఆ చర్చి నిర్మాణం 1290లో ప్రారంభమైంది. అంటే ఓరుగల్లును కాకతీయులు పాలిస్తున్న రోజులన్నమాట.

అక్కడ ఒక బావి ఉంది. 1527లో రోము నగరాన్ని సైన్యాలు దోచుకున్నప్పుడు పోపు ఏడవ క్లెమెంటు తప్పించుకుని ఓర్వియేతో చేరాడు. ముట్టడి వస్తే నీళ్ళుండాలని ఆ బావి తవ్వించాడు. 1537కు పూర్తయింది. దిగడానికి ఒక మెట్ల వరస, ఎక్కడానికి మరొకటి. రెండూ ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పోతాయి గాని ఎక్కడా కలవవు. నీళ్ళు మోసే గాడిదలు ఎదురుపడకుండా ఈ ఏర్పాటు. ఆ కాలానికే డబుల్ లైను వేశారు! మెట్లు 248. మన మిత్రుడు దిగలేరు, నేనూ దిగను. దిగగలిగినవారు దిగుతారు. మేము పైన బెంచీ మీద కూర్చుని కాఫీ త్రాగుతాం. అందరూ అన్నీ చూసితీరాలన్న నియమం ఈ యాత్రలో లేదు.

ఈ ఊరికి మరొక విశేషముంది. 1999లో నాలుగు ఇటాలియన్ ఊళ్ళు, గ్రేవే, బ్రా, పోజితానో, ఓర్వియేతో కలిసి చిత్తాస్లో అనే సంఘం పెట్టుకున్నాయి. నెమ్మది ఊళ్ళ సంఘమని అర్థం. యాభై వేలకు లోపు జనాభా ఉన్న ఊళ్ళకే సభ్యత్వం. వాహనాల రద్దీ, రొద తగ్గించాలి, స్థానిక పంటలనూ చేతిపనులనూ నిలబెట్టుకోవాలి. గుర్తు నత్త. ప్రధాన కార్యాలయం ఓర్వియేతోలోనే ఉంది. నెమ్మదితనాన్ని లోపమనుకోకుండా నియమావళిలో వ్రాసుకున్న ఊళ్ళున్నాయని మన మిత్రుడికి తెలియాలనే ఈ సంగతి చెప్పాను.

అక్కడినుంచి తెరోంతొలా జంక్షనులో బండి మారి అస్సీసీ వెళతాం. దారిలో త్రసిమేనో సరస్సు ఒడ్డునే లైను. క్రీ.పూ. 217లో హానిబాల్ రోమను సైన్యాన్ని దెబ్బతీసింది ఆ ఒడ్డుమీదే. అస్సీసీ స్టేషను మైదానంలో ఉంది. ఊరు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో కొండవాలున. మన బస కొండమీద వద్దనీ, స్టేషను దగ్గరున్న సాంతా మరియా దేల్యీ ఆంజెలీలోనే ఉండాలనీ ఉపసంఘం నిర్ణయించింది. నేల చదునుగా ఉంటుంది, కొండపైకి బస్సులున్నాయి. పైగా అక్కడి పెద్ద చర్చి కప్పు క్రిందే చిన్న గుడిసెంత ప్రార్థనామందిరం ఉంది. సెయింట్ ఫ్రాన్సిస్ తన సోదరబృందాన్ని మొదలుపెట్టిందీ, 1226లో కన్నుమూసిందీ ఆ ఆవరణలోనే. ధనవంతుడైన బట్టల వర్తకుడి కొడుకు అన్నీ వదులుకుని పేదల్లో కలిసిన కథ మనవారికి క్రొత్తగా అనిపించదు.

కొండమీది బసిలికాలో ఆయన సమాధి ఉంది. 1997 సెప్టెంబరు 26న వచ్చిన భూకంపంలో పై చర్చి కప్పులో కొంత భాగం కూలి నలుగురు మరణించారు. వేలాది ముక్కలైన చిత్రాలను ఏరి కూర్చి, 1999 నవంబరులో చర్చిని తిరిగి తెరిచారు. అంతటి పని ఎలా చేశారో తలెత్తి చూస్తే అర్థమవుతుంది.

అస్సీసీ నుంచి అరగంటలోపు రైలు ప్రయాణంలో పెరూజా. అక్కడ స్టేషను నుంచి కొండపైకి 2008లో మొదలైన మినీమెట్రో ఉంది. డ్రైవరు లేని చిన్న చిన్న పెట్టెలను తాడు లాగుతుంది. మరోవైపు 1983 నుంచి పనిచేస్తున్న ఎస్కలేటర్లు పాత కోట గర్భంలోంచి పైకి చేరుస్తాయి. అంటే మెట్లెక్కకుండా పెరూజా నడిబొడ్డుకు చేరవచ్చు.

మూడవ బస పొలం ఇల్లు. అక్కడికి రైలు లేదు. ఆ ఒక్క మజిలీకి డ్రైవరుతో సహా చిన్న బస్సు మాట్లాడుకుంటాం. పాతఊళ్ళ లోపలికి బయటి వాహనాలను రానివ్వరు. కెమేరాలు పెట్టి జరిమానా వేస్తారు. కనుక ఈ పని తెలిసిన స్థానిక డ్రైవరుకు అప్పగించడమే మేలు.

ఈ పొలం ఇళ్ళ వెనక ఒక చరిత్ర ఉంది. టస్కనీలో శతాబ్దాలపాటు మెజ్జాద్రియా అనే పద్ధతి నడిచింది. భూమి యజమానిది, కష్టం రైతుది, పంట చెరిసగం. మన సగపాలు సేద్యమే. 1964లో చట్టం చేసి క్రొత్త ఒప్పందాలు నిషేధించారు. అప్పటికే రైతుబిడ్డలు ఫ్యాక్టరీ పనులకు పట్నాలు చేరుతున్నారు. ఇళ్ళు పాడుపడ్డాయి. 1985లో అగ్రితురిజ్మో చట్టం వచ్చింది. సేద్యం చేసేవారే తమ ఇళ్ళలో అతిథులను ఉంచుకుని అదనపు ఆదాయం పొందవచ్చు. సేద్యం మాత్రం మానకూడదు. అందువల్ల మనం ఉండే ఇంటిచుట్టూ నిజమైన ఆలివ్ తోటా, ద్రాక్షతోటా ఉంటాయి.

ఈ ఇళ్ళల్లో పూర్వం క్రింద పశువులూ, పైన మనుషులూ ఉండేవారు. పైకి బయటినుంచి రాతిమెట్లు. కాబట్టి గది మాట్లాడేటప్పుడే నేలమీది గదులు ఎన్నో, స్నానాలగదిలో పట్టుకొమ్మ ఉందో లేదో వ్రాతపూర్వకంగా అడగాలి. ఫోటోలు చూసి మురిసిపోవద్దు.

అక్కడికి దగ్గరలో పియెంజా. 1458లో పోపు అయిన రెండవ పయస్ తను పుట్టిన పల్లెను మరుసటి ఏడు నుంచి చక్కని చిన్న పట్టణంగా కట్టించి తన పేరు పెట్టుకున్నాడు. ఈ చివర నుంచి ఆ చివరకు పది నిమిషాల నడక. గోడవెంట నిలబడితే వాల్ దోర్చా లోయ అంతా కనబడుతుంది. యునెస్కో దీన్ని 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అడవి కాదు, జలపాతం కాదు, రైతులు దున్నిన నేలకు దక్కిన గౌరవం అది. ఒక పూట మోంతెపుల్చానో. వీధి నిటారుగా ఉంటుంది, పైదాకా చిన్న బస్సుంది. ఒక పూట బాన్యో విన్యోనీ. ఆ పల్లెలో నడివీధి కూడలి ఉండవలసినచోట వేడినీటి ఊట కోనేరు ఉంది. తిరుగుదారిలో క్యూసీ స్టేషనులో రోము బండి ఎక్కుతాం.

దినచర్యకు మూడు నియమాలు. రోజుకు అందరూ కలిసి చూసేది ఒక్కటే, అదీ ఉదయం పూట. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా అక్కడ దుకాణాలు కూడా చాలావరకు మూసేస్తారు. వాళ్ళే పడుకుంటుంటే మనకేం తొందర? రాత్రి భోజనం అందరం కలిసి. ఊరు మారిన మరునాడు పూర్తిగా ఖాళీ. సాయంత్రం ఊరివాళ్ళంతా వీధిలోకి వచ్చి అటూ ఇటూ పచార్లు చేస్తారు. ముసలివాళ్ళు బెంచీలమీద కూర్చుని ప్రతివాణ్ణీ పలకరిస్తారు. మా పది రోజుల్లో మూడోనాటికి వాళ్ళు మాక్కూడా తల ఊపడం మొదలుపెట్టారు. ఒక్క రాత్రి ఉండి వెళ్ళేవాడికి ఆ మర్యాద దక్కదు.

సామాను విషయం గట్టిగా చెబుతున్నాను. అక్కడ ఎర్రచొక్కా కూలీ ఉండడు. ఎవరి పెట్టె వారే బండిలోకి ఎత్తాలి. మనిషికి ఒక్క చిన్న పెట్టె. ప్రాంతీయ బండి కాగితం టిక్కెట్టును ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. నడవలేనివారికి సాయం చేయడానికి పెద్ద స్టేషన్లలో సాలా బ్లూ అనే విభాగముంది, ముందుగా చెప్పాలి.

భోజనం. శాకాహారులు దిగులుపడనక్కరలేదు. చిక్కుడుగింజల సూపు, చేత్తో పేనిన లావుపాటి పీచీ సేమ్యాలు, ఆలివ్ నూనె, కూరగాయలు దండిగా దొరుకుతాయి. బ్రోదో అంటే తరచు మాంసం ఉడికించిన నీళ్ళు, కనుక సూపు ఆర్డరు ఇచ్చేముందు అడగాలి. పార్మిజానో జున్నులో దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు. పట్టింపు ఉన్నవారు గమనించాలి. టస్కనీ రొట్టెలో ఉప్పుండదు, కంగారుపడవద్దు. పొలం ఇంట్లో వంటగది ఉన్నది తీసుకుంటున్నాం కనుక రెండు రోజులకొకసారి అన్నం, చారు. ఆవకాయ పెద్దపెట్టెలో వేసుకోవచ్చు. నెయ్యి, కోవా, పాల మిఠాయిలు ఐరోపాలోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు.

వీసా. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. మనం జూన్‌లోనే చేద్దాం. పాస్‌పోర్టు పదేళ్ళలోపు జారీ అయినదై ఉండాలి, తిరుగుప్రయాణం తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. వేలిముద్రలకు స్వయంగా వెళ్ళాలి. కనీసం 30,000 యూరోల వైద్యబీమా తప్పనిసరి. బీమా ఫారంలో బి.పి., షుగరు, స్టెంటు, ఆపరేషను ఏదీ దాచవద్దు. దాచిన జబ్బుకు బీమా డబ్బు రాదు. మందులు చేతిసంచీలో, చీటీలో మందు అసలు పేరుతో ఉంచుకోవాలి. అక్కడ అత్యవసర నెంబరు 112.

సెప్టెంబరు మధ్యలో వెళ్ళి ఆ నెలాఖరుకు వచ్చేస్తాం. జూలై, ఆగస్టుల ఎండ ఉండదు. అక్టోబరు 4 ఫ్రాన్సిస్ పండుగకు అస్సీసీ కిక్కిరిసిపోకముందే బయటపడతాం. నవంబరులో మనం బ్రతికే ఉన్నామని బ్యాంకుకు సర్టిఫికెట్టు ఇచ్చుకోవాలి కదా, దానికీ ఇబ్బంది లేదు.

డబ్బు సంగతి. వసూలైన సొమ్ము ముగ్గురు సభ్యుల ఉమ్మడి ఖాతాలో ఉంటుంది. లెక్క ప్రతినెలా నోటీసుబోర్డు మీద పెడతాం. పదో వంతు అత్యవసరానికి తీసి ఉంచి, మిగిలితే తిరిగి పంచుతాం. ఇక వివాదం రాగల అంశం ఒకటుంది. ఒంటరిగా వచ్చేవారికి గది ఖర్చు ఎక్కువ. మన మిత్రుడి కోసం అక్కడక్కడ టాక్సీ కావాలి. ఈ రెండు అదనపు ఖర్చులనూ పదహారు మంది మీదా సమానంగా వేయాలని ఉపసంఘం ప్రతిపాదిస్తోంది. నా మోకాలు బాగున్నందుకు నేనెందుకు ఎక్కువ కట్టాలని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రేపు ఆ టాక్సీ మీకే అవసరం కావచ్చు. అప్పుడు చెయ్యి చాచకుండా ఎక్కి కూర్చునే హక్కు ఈ రోజే సంపాదించుకుంటున్నారని నా జవాబు.

ఈ ప్రణాళికలో వెనిస్ లేదు, ఫ్లోరెన్సు లేదు, పీసా లేదు. అవి గొప్పవి కావని కాదు. తిరిగివచ్చాక ఎవరైనా వెనిస్ చూశారా అని అడిగితే లేదనే చెప్పాలి. అది ఇష్టంలేనివారు ఇప్పుడే చెప్పడం మంచిది. కొందరు బస్సు యాత్రకే వెళ్ళదలిస్తే వారిమీద మాకు కోపం లేదు, సమాచారం మేమే తెప్పించి ఇస్తాం.

సభ ముందు మూడు కోరికలు పెడుతున్నాను. నింపాది యాత్రను సంఘం యాత్రగా ఆమోదించండి. అదనపు ఖర్చు సమానంగా పంచుకునే నియమాన్ని ఒప్పుకోండి. మన మిత్రుడి ఉత్తరానికి, పేరు తీయడం కుదరదనీ, జూన్‌లోగా పాస్‌పోర్టు సిద్ధం చేసుకోమనీ జవాబు వ్రాయడానికి కార్యదర్శిగారికి అధికారమివ్వండి.